రాతి తొట్టిలో గుక్కెడు నీళ్ళు

పదవీ విరమణ రోజున మన పాఠశాలల్లో, కార్యాలయాల్లో ఒక సంప్రదాయం ఉన్నది. శాలువా కప్పుతారు. పూలదండ వేస్తారు. తోటి ఉద్యోగులు నాలుగు మంచి మాటలు చెబుతారు. చివర ఒక గోడ గడియారం బహూకరిస్తారు. మా ఇంటికీ అలాంటి గడియారమే వచ్చింది. దానిని గోడకు తగిలించిన మరునాటి నుండి దాని చప్పుడు మాకు స్పష్టంగా వినిపించసాగింది. ముప్పై ఏళ్ళకు పైగా బడిగంట వెంట పరుగులు తీసిన ఇల్లది. ఉదయం ఫజ్ర్ నమాజు తరువాత జొహర్ వరకు ఇంత కాలం ఉంటుందని మేము అంతవరకు గమనించనే లేదు.

ఈ వ్యాసంలో ‘మేము’ అంటే ఇద్దరం. ఒకరు బడిలో పాఠాలు చెప్పినవారు, మరొకరు ఆ బడిపంతులు ఇంటిని నిలబెట్టినవారు. ఉద్యోగం ఒకరిదే అయినా విశ్రాంతి ఇద్దరికీ కలిసే వస్తుంది. అయితే ఇంట్లో పనిచేసేవారికి విరమణ అనేది లేదు కనుక ఒకరికి పని తరగలేదు, మరొకరికి పని దొరకలేదు. మొదటి నెలల్లో మా మధ్య వచ్చిన చిన్న చిన్న చిరాకులకు అసలు కారణం ఇదేనని తరువాత తెలిసింది.

రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతుంటారని, అవి ఆరోగ్యమూ, తీరిక సమయమూ అని మహాప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. యౌవనంలో ఈ మాట విన్నప్పుడు ఆరోగ్యం గురించే ఆలోచించాము. తీరిక కూడా లెక్క చెప్పవలసిన సొత్తేనని అరవై దాటిన తరువాతనే అర్థమయింది. ఆ తీరికను మేము రాళ్ళతో ఎలా గడుపుతున్నామో, ఆ పనిలో ఎంత పొరపాటు చేశామో, ఏం నేర్చుకున్నామో పాఠక సోదర సోదరీమణులతో పంచుకోవాలన్నదే ఈ ప్రయత్నం.

పెరట్లో రాళ్ళ కుప్ప

మాది ఎ.కొండూరు. ఒకనాటి కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లా. మైలవరం దాటి తిరువూరు వైపు వచ్చే దారిలో మామిడితోటల నడుమ ఉంటుంది మా ఊరు. పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసినప్పుడు పెరట్లో ఒక మూల మిగిలిపోయిన రాళ్ళ కుప్ప మాకు ఉన్నది. వసారాలో పరచిన నాపరాళ్ళ ముక్కలు, విరిగిన గడప రాయి, అంచు పగిలిన రోలు, పిడి ఊడిన తిరగలి, వంటగది గట్టుకు వేయగా మిగిలిన గ్రానైటు ముక్కలు ఆ కుప్పలో ఉండేవి. ట్రాక్టరు పిలిచి వాటిని పారబోయించాలని ఎన్నిసార్లు అనుకున్నా, అమ్మీజాన్ రుబ్బిన రోటిని పారబోయడానికి మనసు ఒప్పలేదు.

వ్యర్థమనుకున్న దానితో పనిచేసినవారి కథ ఒకటి అప్పుడు గుర్తుకు వచ్చింది. చండీగఢ్‌లో ప్రభుత్వ రోడ్ల తనిఖీ ఉద్యోగిగా పనిచేసిన నేక్ చంద్ 1950ల చివరలో, విధులు ముగిశాక, కూల్చిన ఇళ్ళ శిథిలాలనూ, రాళ్ళనూ, పగిలిన పింగాణీ ముక్కలనూ ఒక అటవీ స్థలంలో చేర్చి రహస్యంగా ఒక తోటను నిర్మించసాగారు. చాలా ఏళ్ళ తరువాత గానీ అధికారులకు ఆ సంగతి తెలియలేదు. 1976లో ఆ తోటను ప్రజల కోసం తెరిచారు. రాక్ గార్డెన్ అనే పేరుతో అది నేటికీ చండీగఢ్‌లో ఉన్నది. 1984లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆయన అందులో నిలిపిన మనుషుల, జంతువుల బొమ్మల దారి మాది కాదు. కానీ ఒక చిరుద్యోగి, జీతంతో సంబంధం లేని పనిని, పారేసిన వస్తువులతో, అంత ఓర్పుగా చేయగలిగాడన్న విషయం మాకు ధైర్యాన్నిచ్చింది.

మనది ఎకరాల తోట కాదు. గుమ్మం పక్కన నాలుగు మట్టి మూకుళ్ళు, వాటిలో కలబంద, గడ్డిగులాబి. ఆ మొక్కల మధ్య పెట్టడానికి జానెడు మించని రాతి వస్తువులు చేద్దామనుకున్నాము. చిన్న బావి, చిన్న వంతెన, రెండు మెట్లు, ఒక దీపపు గూడు. అంతే మా లక్ష్యం.

మేము చేసిన పొరపాటు

ఇక్కడ మా తప్పును దాచకుండా చెప్పాలి. చేతితో చెక్కడానికి ఓపిక లేక, తెలిసినవారి వద్ద నుండి కటింగ్ మిషన్ తెచ్చి గ్రానైటు ముక్కలను కోయడం మొదలుపెట్టాము. పది నిమిషాలలో పెరడంతా తెల్లని పొగ కమ్మినట్లయింది. ఆరబెట్టిన మిరపకాయల మీద, బట్టల మీద, మొక్కల ఆకుల మీద, ఆడుకుంటున్న మనుమరాలి జుట్టు మీద పొడి పేరుకున్నది. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాము కదా అని ధీమా. రెండు వారాల పాటు రోజూ ఇదే తంతు. తరువాత మాలో ఒకరికి పొడి దగ్గు పట్టుకున్నది. చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు వైద్యుడు మందు రాయకముందే అడిగిన మొదటి ప్రశ్న, “ఈ మధ్య ఇంట్లో ఏం పని చేస్తున్నారు?” అని. విన్న తరువాత ఆయన కలం పక్కన పెట్టి మాకు చాలా సేపు బోధపరిచారు.

ఆయన చెప్పిన దానినీ, ఆపైన మేము తెలుసుకున్న దానినీ ఇక్కడ క్లుప్తంగా చెబుతాము. ఈ అభిరుచిని చేపట్టదలచిన ప్రతి ఒక్కరూ ముందుగా చదవవలసినది ఇదే. గ్రానైటులో స్ఫటికపు రాయి, అంటే సిలికా, గణనీయంగా ఉంటుంది. యంత్రంతో కోసినప్పుడు లేచే పొడిలో కంటికి కనిపించేది తక్కువ హానికరం, కనిపించనిదే ఎక్కువ హానికరం. అతి సూక్ష్మమైన ఆ రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ కణజాలం గట్టిపడి, శ్వాస తీసుకునే శక్తి క్రమంగా తగ్గుతుంది. సిలికోసిస్ అనే ఈ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలకలపై రాసే బలపాలను కోసే పనివారిలో ఎందరినో ఈ వ్యాధి బలిగొన్నది. మన పిల్లలు ‘అ ఆ’లు దిద్దుకున్న బలపం వెనుక అంతటి విషాదం ఉన్నది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో ఈ సిలికా రేణువులను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఎక్కువ కాలం ఈ పొడిని పీల్చినవారిలో మూత్రపిండాల వ్యాధి కూడా ఎక్కువగా కనిపిస్తున్నదని పరిశోధకులు గుర్తించారు.

ఈ చివరి మాట విని మేము నిశ్చేష్టులమయ్యాము. ఎందుకంటే మూత్రపిండాల వ్యాధి అనే మాట మా మండలంలో పుస్తకాల్లో చదివే మాట కాదు. ఎ.కొండూరు చుట్టుపక్కల తండాలలో ఆ వ్యాధి ఏళ్ళ తరబడి కుటుంబాలను కుంగదీస్తున్నది. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు ప్రయాణం చేసేవారిని మేము బస్సులో పలకరిస్తుంటాము. బోరు నీటి మీదనే అందరికీ అనుమానం. అందుకే కృష్ణా నీటి కోసం ఇక్కడి ప్రజలు అంతగా ఎదురుచూశారు. అలాంటి ఊరిలో ఉంటూ, వినోదం కోసం, మా ఇంటి పిల్లకు ఆ పొడిని మా చేతులారా పీల్పించాము. అల్లాహ్ క్షమించుగాక. ఆ సాయంత్రమే యంత్రం ఎవరిది వారికి చేరింది.

నీటిలో తడిసిన రాయి

అప్పటి నుండి మా పద్ధతి మారింది. మొదటి నియమం, యంత్రం వద్దు. ఉలి, సుత్తి, ఆకురాయి, యాక్సా బ్లేడు, ఉప్పుకాగితం, ఇవి చాలు. రెండవ నియమం, పొడి రాయిని ముట్టవద్దు. చెక్కబోయే రాయిని ముందు రాత్రే నీళ్ళ బకెట్టులో వేసి ఉంచుతాము. పని చేస్తున్నంత సేపూ తడిపిన గోనెపట్టా మీద పెట్టి, మధ్య మధ్య నీళ్ళు చిలకరిస్తాము. అరగదీయడానికి బజారులో రంగులు వేసేవారు వాడే వాటర్ పేపరును నీటిలో ముంచి వాడతాము. దుమ్ము లేవకుండా బురదగా జారిపోతుంది. మూడవ నియమం, ఆ బురదను ఎండనివ్వకూడదు, చీపురుతో ఊడ్వకూడదు. నీళ్ళతో కడిగి ఒక గుంటలోకి పంపి మట్టి కప్పాలి. నాలుగవది, తువ్వాలు రక్షణ కాదు. ముక్కుకు సరిగ్గా అమరే ఎన్-95 మాస్కు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఉలి దెబ్బకు ఎగిరిన పెళ్ళ కంటిలో పడితే ఆ నష్టాన్ని ఏ కళాఖండమూ పూడ్చలేదు. ఐదవది, పిల్లలు దూరంగా ఉండాలి. పని బట్టలు వేరుగా ఉతకాలి.

ఆరవ నియమం రాయిని ఎంచుకోవడంలో ఉన్నది. జర్మనీకి చెందిన ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో ఖనిజాల గట్టిదనానికి ఒకటి నుండి పది వరకు ఒక కొలమానం ఏర్పరిచారు. అందులో బలపపు రాయిలోని ముఖ్య ఖనిజానిది ఒకటవ స్థానం, సున్నపురాయిలోని ఖనిజానిది మూడు, స్ఫటికపు రాయిది ఏడు, వజ్రానిది పది. మామూలు ఇనుప కత్తి మూడింటిని సులువుగా గీస్తుంది, ఏడింటిని గీయలేదు. అంటే వృద్ధుల చేతులకు తగిన రాయి సున్నపురాయి. మన ఇళ్ళలో పరిచే నాపరాయి సాధారణంగా ఆ జాతిదే.

గుర్తుపట్టడానికి సులువైన పరీక్ష ఉన్నది. రాతి మూలను మేకుతో గీయండి. గీత పడి, తెల్లని పొడి రాలితే మెత్తని రాయి. ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేయండి. సన్నని నురగ వస్తే అది సున్నపురాయి. మేకు జారిపోయి గీత పడకపోతే దాన్ని పక్కన పెట్టేయండి. సున్నపురాయిలో సిలికా సాధారణంగా చాలా తక్కువ. అయినా తడి, మాస్కు నియమాలను దానికీ పాటించాలి.

ఈ సున్నపురాయికి మన నేలలో గొప్ప చరిత్ర ఉన్నది. రెండు వేల ఏళ్ళ క్రితం అమరావతి స్తూపాన్ని అలంకరించిన శిల్పాలను పల్నాటి సున్నపురాయిలోనే చెక్కారు. నేడు వాటిలో కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ, కొన్ని చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ ఉన్నాయి. మాచర్ల సమీపంలోని దుర్గి గ్రామంలోనూ, నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డలోనూ రాతి చెక్కడాన్ని తరతరాలుగా వృత్తిగా సాగిస్తున్న కుటుంబాలు ఉన్నాయి. ఈ రెండు ఊళ్ళ రాతి పనికీ భౌగోళిక గుర్తింపు లభించింది. వారిది జీవితకాలపు విద్య. మాది తీరిక వేళ పిల్లచేష్ట. ఆ తేడా ఎరిగినప్పుడే వృత్తి కళాకారుల చెమట విలువ మనకు అర్థమవుతుంది.

ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

తోట అలంకరణ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేవి కొంగలు, కుందేళ్ళు, మరుగుజ్జు మనుషుల బొమ్మలు. ఒక ముస్లిం కుటుంబం ముందు ఇక్కడ ఒక ప్రశ్న నిలుస్తుంది. ప్రాణుల బొమ్మలను రూపొందించడాన్ని మన ధర్మవేత్తలు వారిస్తారు. బొమ్మలు చేసి జీవించే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చి తన వృత్తి గురించి అడిగినప్పుడు, తప్పనిసరి అయితే చెట్లనూ, ప్రాణం లేని వస్తువులనూ చేయమని ఆయన సూచించిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. మాకు ఆ సలహాలో నిషేధం కన్నా అవకాశమే ఎక్కువ కనిపించింది. చెట్లు, ఆకులు, తీగలు, నక్షత్రాకారపు గీతలు, తోరణాలు, మెట్లు, నీటి కాలువలు... ప్రాణం లేని ప్రపంచం ఎంత విశాలమైనది! ఢిల్లీలోని హుమాయూన్ సమాధి తోటనే చూడండి. నీటి కాలువలు, నాలుగు భాగాలుగా విభజించిన నేల, రాతి అంచులు, తొట్లు. ఒక్క ప్రాణి బొమ్మ అవసరం లేకుండానే అంత అందం.

ఏం చెయ్యాలన్న దానికి సమాధానం మా పెరటి కుప్పలోనే దొరికింది. రోలు, రోకలి గుంట, తిరగలి, సన్నికల్లు, పశువుల కుడితి తొట్టి, గిలక బావి, అరుగు, రాతి గడప. మా బాల్యంలో ప్రతి ఇంటా ఉన్న ఈ రాతి సామాను నేటి పిల్లలకు పేర్లతో సహా తెలియదు. మా ఊరి నుండి విజయవాడ వెళ్ళే దారిలోనే కొండపల్లి ఉన్నది. అక్కడి కళాకారులు తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మల్లో ఒక కాలపు పల్లె జీవితం అంతా భద్రంగా ఉన్నది. అదే పని మేము రాతితో, మనుషులు లేకుండా, వస్తువులతో మాత్రమే చేయదలిచాము. మొదట చేసినది బొటనవేలంత రోలు. మూడు రోజులు పట్టింది. గుంట మధ్యలోకి రాక ఒక పక్కకు ఒరిగింది. తరువాత రెండు బిళ్ళలు ఒకదానిపై ఒకటి తిరిగే తిరగలి. దాని పిడికి వేపపుల్ల. ఆ తరువాత గిలక బావి. గుండ్రంగా పేర్చిన చిన్న చిన్న రాతి ముక్కలు, రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య పుల్లతో చేసిన గిలక, నూలు దారం.

మనుమరాలికి ఆ బావి ఎంతో నచ్చింది. దారం లాగి, వదిలి, మళ్ళీ లాగి చాలా సేపు ఆడుకున్నది. ఆపైన తల ఎత్తి అడిగింది. “దాదా, ఈ బావిలో నీళ్ళు మంచివేనా? తాగొచ్చా?”

మా ఇద్దరికీ వెంటనే మాట రాలేదు. మా చిన్నతనంలో బావిని చూసిన ఏ పిల్లకూ ఈ సందేహం రాలేదు. బావి అంటే దాహం తీరే చోటు. దారిన పోయేవారు ఆగి, చేద దించి, కడుపారా తాగి, తవ్వించినవారికి దుఆ చేసి వెళ్ళేవారు. ఆరేళ్ళ పిల్ల బొమ్మ బావిని చూసి కూడా నీళ్ళు మంచివేనా అని అడుగుతున్నదంటే, అది తప్పు కాదు, తెలివి. మా మండలంలో పెరుగుతున్న పిల్లకు ఉండవలసిన తెలివే. కానీ ఆ తెలివి మనసును బాధపెట్టింది. “అది బొమ్మ తల్లీ, తాగే నీళ్ళు క్యానులో ఉన్నాయి” అన్నాము. ఆ రాత్రి మాత్రం, మేము చేస్తున్న పని కేవలం అలంకారంగా మిగిలిపోకూడదని మాట్లాడుకున్నాము.

పక్షులకు కట్టిన భవనాలు

ఉస్మానియా తుర్కుల కాలంలో ఇస్తాంబుల్ నగరంలో ఒక ముచ్చటైన ఆచారం ఉండేది. మసీదులు, మదర్సాలు, గ్రంథాలయాల గోడల మీద, పిల్లి అందుకోలేని ఎత్తులో, ఎండ తగిలి గాలి తగలని వైపున, పిచ్చుకల కోసం చిన్న చిన్న రాతి భవనాలు చెక్కించేవారు. అవి వట్టి గూళ్ళు కావు. వాటికి గుమ్మటాలు, కిటికీలు, వసారాలు, కొన్నింటికి మీనార్లు కూడా ఉంటాయి. ఉస్కుదార్ ప్రాంతంలో 18వ శతాబ్దంలో కట్టిన యెని వాలిదె మసీదు, అయాజ్మా మసీదు గోడలపై వాటిని నేటికీ చూడవచ్చు. సమాధి రాళ్ళ మీద కూడా వర్షపు నీరు నిలిచి పక్షులు తాగేందుకు చిన్న గుంటలు తొలిచేవారు. చనిపోయిన మనిషి రాయి కూడా ఒక పిట్ట దాహం తీర్చాలన్న ఆ భావన ఎంత గొప్పది!

ఒక విశ్వాసి నాటిన మొక్క నుండి మనిషి గానీ, పక్షి గానీ, పశువు గానీ తిన్నదంతా ఆ విశ్వాసికి దానపుణ్యంగా నమోదవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. ఇస్తాంబుల్ శిల్పులు ఆ బోధను రాతిలో ఆచరించి చూపారు. మాకు కావలసిన దారి అక్కడ కనిపించింది. మేము చేయవలసిన వస్తువు నీటి తొట్టి.

రోహిణీ కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అంటారు. రోలే పగిలే ఎండలో పిట్ట గొంతు ఏమవుతుంది? మామిడికాయ కోతలు జరిగే ఆ రోజుల్లో మా పెరట్లోకి గోరింకలు, పిచ్చుకలు, పికిలిపిట్టలు ముక్కులు తెరుచుకుని వచ్చి, బట్టలు ఉతికిన చోట నిలిచిన సబ్బునీటిని తాగడం మేము ఏళ్ళ తరబడి చూస్తున్నాము. చూస్తూ కూడా చూడలేదన్నమాట.

తొట్టి చేసే విధానం

రెండు అంగుళాలకు తగ్గని మందం, అడుగు వెడల్పు ఉన్న నాపరాతి ముక్కను తీసుకోవాలి. అంచుల నుండి కనీసం ఒకటిన్నర అంగుళం వదిలి సుద్దతో వలయం గీయాలి. రాత్రంతా నానబెట్టాలి. సన్నమొన ఉలిని నిలువుగా కాక ఏటవాలుగా పట్టి, తేలికపాటి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయాలి. పని మధ్య నుండి మొదలుపెట్టి వెలుపలికి విస్తరించాలి. అయితే గీత దగ్గరకు వచ్చాక ఉలి మొన ఎప్పుడూ లోపలి వైపే చూడాలి. బయటి వైపు కొడితే అంచు పెళ్ళగిలుతుంది. మా మొదటి రెండు తొట్లూ అలాగే విరిగాయి. రోజుకు అరగంట మించకుండా, వారం పది రోజులు పనిచేస్తే చాలు. మణికట్టు నొప్పి వస్తే ఆపివేయాలి.

గుంట లోతు మధ్యలో అంగుళం ఉంటే సరిపోతుంది. చిన్న పిట్టలకు లోతు నీరు ప్రమాదం. అంచు నుండి మధ్యకు వాలు నెమ్మదిగా దిగాలి. అడుగును అద్దంలా నునుపు చేయకూడదు. ఉలి గాట్లు అలాగే ఉంటేనే పక్షుల కాళ్ళకు పట్టు దొరుకుతుంది. అంటే మా వంటి కొత్తవారి మొరటు పనే వాటికి అనుకూలం! అంచు చుట్టూ మాత్రం ఒక ఆకుల తీగ గీసి, తడి ఉప్పుకాగితంతో రుద్దాము.

ఉలి పట్టలేని చేతులకు మరో మార్గం ఉన్నది. గత శతాబ్దంలో ఇంగ్లండు తోటమాలులు పాత రాతి తొట్లకు బదులుగా సిమెంటు మిశ్రమంతో రాతిని పోలిన తొట్లు చేయడం నేర్చుకున్నారు. మన వద్ద దొరికే వాటితో చేయాలంటే సిమెంటు ఒక పాలు, జల్లించిన ఇసుక ఒక పాలు, తడిపిన కొబ్బరిపొట్టు ఒక పాలు కలపాలి. ముద్దగా పిసికి, మట్టి మూకుడు వెలుపల పాలిథిన్ కాగితం పరచి, దానిపై అంగుళంన్నర మందాన అదమాలి. చేతులకు రబ్బరు తొడుగులు తప్పక ఉండాలి, తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. పొడి కలిపేటప్పుడు మాస్కు ఉండాలి. రెండు రోజుల తరువాత మూకుడు నుండి విడదీసి, నాలుగు వారాల పాటు నీడలో తడిగోనె కప్పి ఉంచాలి. ఆపైన అందులో నీళ్ళు పోసి పారబోస్తూ పది రోజుల పాటు సున్నపు ఘాటు వదిలించిన తరువాతనే పక్షులకు పెట్టాలి. మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చోలేని మా బంధువు ఒకరు బల్ల మీద పెట్టుకుని ఈ విధంగా తొట్లు చేస్తున్నారు.

తొట్టిని నేల మీద కాక, మూడు నాలుగు అడుగుల ఎత్తున, చెట్టు నీడకు దగ్గరగా పెట్టాలి. పిల్లి పొంచి ఉండే పొద పక్కన పెట్టకూడదు. నీరు రోజూ మార్చాలి. దోమ గుడ్డు నుండి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కనుక, నిత్యం పారబోసి కొబ్బరిపీచుతో రుద్దితే ఆ బెడద ఉండదు. మార్చని నీటిని పెట్టడం కన్నా తొట్టి పెట్టకపోవడమే మేలు.

అభిరుచికీ ఒక హద్దు

మంచి అలవాటు కూడా హద్దు దాటితే భారమవుతుంది. మేము మాకు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాము. అజాన్ వినిపించగానే సుత్తి కింద పెట్టాలి. రాయి కొనకూడదు, పారేసిన దానితోనే చేయాలి. కొండలనూ, వాగులనూ తవ్వి తేకూడదు. ఇంటివారికి ఉపయోగపడే సమయాన్ని దీనికి వాడకూడదు. మొదటి రోజుల్లో మాలో ఒకరు చెక్కుతూ కూర్చుంటే మరొకరు నీళ్ళు అందించడం, బురద కడగడం జరిగేది. అది సరికాదని గ్రహించాము. ఇప్పుడు పనివేళకు ముందు కూరగాయలు తరగడం, వాకిలి కడగడం ఇద్దరి వంతు. అంచు మీది ఆకుల తీగను ఎవరు గీశారో, గుంటను ఎవరు తొలిచారో చూసేవారు చెప్పలేరు. మాకది సంతోషం. చిరాకులు ఏమయ్యాయో మేము గమనించలేదు.

ఇంతవరకు పదకొండు తొట్లు చేశాము. ఒకటి మసీదు వజూఖానా పక్క గోడ మీద ఉన్నది. ఒకటి పాత బడిలో వేపచెట్టు కింద ఉన్నది. కొన్ని ఇరుగుపొరుగు హిందూ కుటుంబాల ఇళ్ళ ముందు తులసికోట పక్కన ఉన్నాయి. ఒకటి దగ్గరలోని తండాలో, డయాలసిస్‌కు వెళ్ళివచ్చే ఒక పెద్దమనిషి వాకిట్లో ఉన్నది. నీళ్ళు కొలిచి తాగవలసిన స్థితి ఆయనది. “నేను తాగలేకపోయినా ఇవి తాగుతుంటే చూడబుద్ధి అవుతుంది” అన్నారాయన. ఆ మాట తరువాత మా పనికి మరే ప్రశంసా అవసరం లేదనిపించింది.

మా ఇంటి తొట్టిని నింపే బాధ్యత మాత్రం మనుమరాలిది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు మొదటి ఉదయం బోరు పంపు దగ్గర చెంబు పట్టుకున్నాము. ఆమె ఒప్పుకోలేదు. “మనం తాగనివి వాటికెందుకు?” అని లోపలికి వెళ్ళి, మేము తాగే క్యాను నుండి గ్లాసుతో వంచి తెచ్చింది. గ్లాసెడు నీళ్ళకే ఆ చిన్న తొట్టి నిండింది. కాసేపటికి ఒక గోరింక వచ్చి అంచు మీద వాలి, అటూ ఇటూ చూసి, ముక్కు ముంచి, తల పైకెత్తి మింగింది.

ఆ పిల్ల గుమ్మంలో కదలకుండా నిలబడి చూస్తున్నది. లోపల గోడ గడియారం తన పని తాను చేసుకుంటున్నది. దాని చప్పుడు ఇప్పుడు మాకు వినిపించడం లేదు.